చేతులు చేరే వేగం

కొండవాలు వీధి, పై ఇల్లు
వానలు మొదలైన వారం

మా ఇంటి మహారాణి మరదలికి,

నీ పత్రిక అందింది. అందిన పూటే మీ అన్నయ్య దాన్ని చంకలో పెట్టుకుని వీధంతా తిరిగొచ్చాడు. క్షవరం చేయించుకోవడానికి వెళ్లి, క్షవరం మాట మరిచిపోయి, అక్కడున్నవాళ్లందరికీ చదివి వినిపించి అదే జుట్టుతో ఇంటికొచ్చాడు. ఫోన్ ఇంటర్నెట్టు మీద రాసిన రెండు పేజీలకి ఇంత ఊరేగింపేమిటని నేను నవ్వాను గానీ, లోపల నాకూ పొంగిపోయినట్టే ఉంది. మిక్సీలకీ ఇస్త్రీపెట్టెలకీ మార్కులు వేసే పత్రికలో చేరతానని నువ్వన్నప్పుడు "అదీ ఒక ఉద్యోగమేనా" అని మూతి విరిచినవాళ్లే ఇప్పుడు "ఏది కొనమంటారో మీ ఆడపడుచుని అడిగి పెట్టండి" అని మా గుమ్మం ఎక్కుతున్నారు.

నువ్వు రాసిన ఆ కొత్త ఇంటర్నెట్టు కంపెనీ పోస్టరు మా బస్టాపులోనూ ఉంది. "మీరున్న చోటికే ప్రపంచం!" అట. ఒక పిల్ల కొండ కొసన కూర్చుని ఫోన్ చూస్తూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. పోస్టర్లని నేను నమ్మను. నువ్వు "చెప్పిన మాట నిలబెట్టుకుంది" అని రాశావు చూడు, అది నమ్మాను. వెంటనే కనెక్షన్ తీసుకున్నాం. సిమ్ము వేసిన తెల్లడబ్బా ఒకటి ఇచ్చారు. కిటికీలో పెట్టాం.

ఇంత తొందర ఎందుకంటే, అసలు కబురు ఇదీ. కనుమ అవతలి పెద్దాసుపత్రివాళ్లు వినపడని రోగుల కోసం వీడియోలో సైగల అనువాదం చేసే మనిషి కావాలన్నారు. డాక్టరు నోటితో చెప్పింది నేను చేతులతో చెప్పాలి, రోగి చేతులతో చెప్పింది నేను నోటితో చెప్పాలి. మా అమ్మకీ నాన్నకీ వినపడదు కాబట్టి నాకు మాటలకంటే ముందు సైగలొచ్చాయి. ఈ పని నాకు రాకపోతే ఇంకెవరికొస్తుంది చెప్పు! వానల్లో కనుమదారి మూసేస్తారు కనుక ఇంట్లోంచే చెయ్యమన్నారు. వానలు తగ్గేదాకా పరీక్ష. ఆ తర్వాత కమిటీ కూర్చుని ఉంచాలో పంపాలో తేలుస్తుంది. నన్ను పంపేస్తే ఇంకొకరిని పెట్టరట, కాగితం మీద రాసి చూపిస్తారట. చదువు రానివాళ్లు ఆ కాగితం ఏం చేసుకుంటారు?

అలాంటిదేమీ జరగదులే. నీ ఇంటర్నెట్టుంది, నా చేతులున్నాయి.

నీ వదిన

*

పత్రికాఫీసు, మూడో అంతస్తు, ఫ్యాను గాలి రాని మూల

వదినమ్మా,

ఇంటర్నెట్టు మీద రాసే మనిషిని కాగితం మీద ఉత్తరం రాస్తుంటే ఆఫీసులో అందరూ వింతగా చూస్తున్నారు. ఫోన్లో మాట్లాడితే అన్నయ్య మధ్యలో దూరి నీ మాట నాకూ నా మాట నీకూ దక్కనివ్వడని, అందుకే మనం ఈ అలవాటు పెట్టుకున్నామని వీళ్లకేం తెలుసు?

నీ ఉద్యోగం సంగతి చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆసుపత్రివాళ్లు అదృష్టవంతులు. మీ పెళ్లిలో మీ నాన్నగారు చేతులతో ఏదో జోకు వేస్తే, నువ్వు తలవంచుకుని కూర్చునే మాకు చెప్పావు. మా వాళ్లంతా పడిపడి నవ్వారు. ఆయనే మాట్లాడినట్టుంది తప్ప మధ్యలో నువ్వున్నట్టే లేదు.

ఇక నా గొప్ప కూడా కాస్త విను. ఆ కంపెనీవాళ్లు పరీక్షకని ఒక డబ్బా ఊరికే పంపారు. మా ఎడిటరు దాన్ని తిప్పి పంపేసి, బజార్లో మామూలు మనిషిలా కొనుక్కు రమ్మన్నాడు. బస్సులో చూశాను, మేడ మీద చూశాను, సినిమాహాలు కింద బళ్లు పెట్టే నేలమాళిగలో చూశాను. పెద్ద సినిమా కూడా టీ చల్లారేలోపు దిగిపోయింది. పోస్టరులో వేసిన వేగానికి ఎక్కడా తగ్గలేదు. పొగడ్తల విషయంలో మా ఎడిటరంత పిసినారి ఎక్కడా ఉండడు. ఆయన నా కాగితం మీద ఒక్క గీత కూడా పెట్టకుండా అచ్చుకి పంపాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదనుకో.

మొదటి రోగి ఎవరో, ఏమన్నారో రాయి.

నీ మరదలు

*

కొండవాలు వీధి
వాన ఆగని రోజుల్లో

మరదలికి,

పని బాగానే సాగుతోంది. ఇంటర్నెట్టుకి వంక పెట్టడానికి లేదు. డాక్టరు ముఖం, నర్సు చేతిలో సూది, గోడ మీద క్యాలెండరు అన్నీ ఎదురుగా ఉన్నట్టు కనబడుతున్నాయి. నువ్వు రాసింది అక్షరాలా నిజం.

వయసు పెరిగితే వేళ్లు బిగుసుకుపోతాయా? మీ ఆఫీసు కింద ఎముకల డాక్టరు ఉంటాడన్నావు కదా, ఎప్పుడైనా ఎదురుపడితే ఊరికే అడుగు. నాకోసం కాదు, తెలిసినవాళ్ల కోసం.

ఇంతకంటే విశేషాలు లేవు.

వదిన

*

పత్రికాఫీసు, అదే మూల

వదినా,

నీ ఉత్తరం చూసి భయమేసింది. జలుబు చేస్తే దాని మీద నాలుగు పేజీలు రాసేదానివి. ఇంతకంటే విశేషాలు లేవా? పైగా నీ కవరు వెనక అన్నయ్య పెన్సిలుతో ఒక ముక్క గీకాడు, నువ్వు చూసుకోలేదు. "మీ వదిన పొద్దున్నే అద్దం ముందు నిలబడి చేతులు తిప్పుతోంది. అన్నం సరిగ్గా తినట్లేదు. అడిగితే కరుస్తోంది" అని.

తెలిసినవాళ్లు, గిలిసినవాళ్లు అని నా చెవిలో పువ్వులు పెట్టకు. ఎవరేమన్నారు నిన్ను?

ఇంకో మాట కూడా తొలుస్తోంది. నీ ఉత్తరంలో అంతా వాళ్లు నీకెలా కనబడుతున్నారో ఉంది. నువ్వు వాళ్లకెలా కనబడుతున్నావు? ఇది అడగబోతూ నా పరీక్షల కాగితాలు తీసి చూసుకున్నాను. బస్సులో, మేడ మీద, నేలమాళిగలో నేను కొలిచిందంతా మన దగ్గరికి వచ్చే వేగమే. మన దగ్గర్నుంచి వెళ్లే వేగం ఒక్కచోట కూడా కొలవలేదు. పోస్టరులో ఉన్న అంకె నిజమో కాదో చూశానే తప్ప, పోస్టరులో లేని అంకె ఒకటుందని నాకు తోచనే లేదు.

ఒట్టు, దాచకుండా రాయి.

నీ మరదలు

*

కొండవాలు వీధి

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. మీ అన్నయ్య కంగారుపడి టీ పెట్టాడు, అందులో ఉప్పు వేశాడు, దాంతో ఏడుపాగింది.

దాచకుండానే రాస్తాను. మూడో వారంలోనే ఆసుపత్రి నుంచి మాట వచ్చింది. "మీ గొంతు స్పష్టంగా ఉంది. మీ చేతులే తడబడుతున్నాయి. సైగలు సగంలో ఆగుతున్నాయని రోగులు చెబుతున్నారు. సాధన చెయ్యండి" అని. సాధన! నాకు తల కొట్టేసినట్టయింది. ఊయల్లో ఉన్నప్పుడే చేతులతో ఆకలి అడిగినదాన్ని నేను.

లైను మీద అనుమానం రాలేదా అంటావేమో. ఎలా వస్తుంది? వాళ్లు నాకు అద్దంలా కనబడుతున్నారు. తెర మూలన చిన్న గళ్లో నా బొమ్మ కూడా చక్కగా కదులుతోంది. నా మాట వాళ్లకి గణగణ వినపడుతోంది. అన్నిటికీ మించి, బాగుందని నువ్వు రాశావు. లోకంలో ఎవరు రాసినా నా చేతుల్నే నమ్మేదాన్ని. నువ్వు రాశావు కాబట్టి నా చేతుల్ని అనుమానించాను. నీ మీద కోపం వచ్చిందా అంటే, ఈ ఉత్తరం చదివాక వచ్చింది. ఉప్పు టీతో పాటు మింగేశాను.

నీకెందుకు చెప్పలేదంటే, నీ దగ్గర తక్కువవడం నాకిష్టం లేదు. వదినని కదా.

ఇప్పుడు మనసంతా ఒక్కావిడ మీదే ఉంది. కనుమ అవతల బేకరీ నడుపుతుంది, వినపడదు, చదువుకోలేదు. తొలి కాన్పు, ఈ నెలలోనే. పోయినసారి డాక్టరు "భయం లేదు, బిడ్డ కాస్త పక్కకి తిరిగి ఉంది, మేం చూసుకుంటాం" అంటే నేను చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది. నా చేతులు ఆవిడకి ఎక్కడ ఆగి కనబడ్డాయో, "భయం" దగ్గరే ఆగాయో, నాకు తెలియదు. కాన్పు గదిలో కూడా అలాగే ఆగితే? ఆ తర్వాత కమిటీ ఏమన్నా సరే, నన్ను నేను క్షమించుకోలేను.

వదిన

*

పత్రికాఫీసు

వదినా,

సిగ్గుతో చచ్చిపోతున్నాను, కానీ ముందు పనికొచ్చేది రాస్తాను. ఏడుపు చివర్లో పెట్టుకుంటాను.

కొలిచి చూశాను. వచ్చే వేగం ఏరులా ఉంటే, వెళ్లే వేగం చుక్కలు చుక్కలుగా ఉంది. మాట తేలిక కాబట్టి ఆ సందులోంచి దూరిపోతుంది. బొమ్మ బరువు, అది మధ్యలో ఇరుక్కుంటుంది. మూల గళ్లో నీకు కనబడేది నీ ఫోను నీకు చూపించేది, వాళ్లకి అందేది కాదు. అందుకే నీ గొంతు బాగుండి నీ చేతులు తడబడ్డాయి. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు వదినా. ఈ వాక్యం రెండుసార్లు చదువు.

టవరు గొంతు పెద్దది, ఎంత దూరమైనా అరవగలదు. మన డబ్బా గొంతు చిన్నది, అడ్డం లేకుండా దగ్గరగా ఉంటేనే టవరుకి వినపడుతుంది. మీ ఇంటి చుట్టుపక్కల టవరు కంటికి కనబడే చోటు ఏదైనా ఉందా? డబ్బాలోని సిమ్ము ఫోన్లో వేసుకుని అక్కడికి వెళ్లి అన్నయ్యకే వీడియో చేసి చూడు.

కంపెనీ పెద్దమనిషితో మాట్లాడాను. చాలా మర్యాదగా, "అందరూ చూసేవాళ్లే కదండీ, చూపించేవాళ్లు ఎంతమంది?" అన్నాడు. ఠక్కున ఫోను పెట్టేశాను.

ఎడిటరుకి చెప్పాను. "తప్పు ఏ పేజీలో వేశామో, దిద్దుబాటు కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేద్దాం" అన్నాడు. మా ఆఫీసు మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు. కానీ ఒక ముల్లుంది. మళ్లీ పరీక్షించి "ఈ లైను వీడియోకి చాలదు" అని అచ్చేస్తే, ఆసుపత్రివాళ్లూ చదువుతారు. లైను లేనప్పుడు వీడియో ఎందుకని మొత్తం ఎత్తేస్తే నీ ఉద్యోగం నా చేత్తోనే పోతుంది. కమిటీ అయ్యేదాకా ఆగుతానని ఎడిటరుకి చెప్పనా? నువ్వు ఎలా అంటే అలా.

నీ మరదలు

*

కొండవాలు వీధి, నీళ్ల ట్యాంకు మెట్ల మీద

నా బంగారానికి,

ఆగకు. రాయి. నా ఉద్యోగం కోసం నువ్వొక మాట మింగితే, రేపు నువ్వు రాసే ఏ మాట నేను నమ్మాలి? ఎక్కడో ఇంకొక ఆడమనిషి కూడా అద్దం ముందు నిలబడి తన చేతుల్ని తిట్టుకుంటూ ఉండొచ్చు. ఆమెకి చెప్పు.

ఇక విను. బేకరీ ఆవిడ ప్రసవించింది. ఆడపిల్ల!

నువ్వు చెప్పినట్టే వెతికాం. వీధి పైన నీళ్ల ట్యాంకు మెట్లెక్కితే టవరు ఎదురుగా ఉంది. మీ అన్నయ్యని కింద ఇంట్లో పొరుగావిడ ఫోను ముందు కూర్చోబెట్టి, నేను పైనుంచి "నువ్వు పెట్టిన టీ ఘోరంగా ఉంది" అని చేతులతో చెప్పాను. అర్థమైనట్టుంది, మూతి ముడుచుకుని పైకొచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లకి మా అమ్మానాన్నల భాష బాగానే వంటబట్టింది.

మర్నాడు ఉదయం ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. బయట కుండపోత. ఇద్దరం మెట్ల మీదికి పరిగెత్తాం. మీ అన్నయ్య ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గొడుగు పట్టుకున్నాడు. గొడుగు ఎవరికనుకున్నావు? ఫోనుకి. "నువ్వు తడిస్తే ఆరబెట్టుకుంటాను, ఇది తడిస్తే ఏం చేస్తాం" అన్నాడు. నేను నిలువునా తడుస్తూ చెప్పాను. ఇప్పుడు ఊపిరి పట్టు. ఇప్పుడు తొయ్యి. ఆగు, ఆగు, ఇప్పుడొద్దు. మళ్లీ తొయ్యి. డాక్టరు నోట్లో మాట పూర్తయ్యేసరికి ఆవిడ చేస్తోంది! ఎక్కడా తెగలేదు, ఎక్కడా ఆగలేదు. బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు ఆవిడకి వినపడదు కదా, "ఏడుస్తోంది, గట్టిగా ఏడుస్తోంది, నీ బిడ్డకి గొంతు పెద్దది" అని చెప్పాను. ఆవిడ నవ్వింది. మీ అన్నయ్య గొడుగు వదిలేసి ఏడ్చాడు.

నా చేతులు తడబడలేదు. నేను చిన్నప్పటి నుంచీ ఎంత బాగా చేస్తున్నానో అంత బాగా చేశాను. ఎవరేమన్నా ఇక నాకు దిగులు లేదు.

రాయి, అమ్మడూ.

నీ వదిన

*

పత్రికాఫీసు
వానలు తెరిపిచ్చాక

వదినా,

నీ ఉత్తరం ఎడిటరుకి వినిపించాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని "దుమ్ము" అన్నాడు.

ఈ కవర్లోనే పేజీ పెట్టాను. ఈసారి పరీక్ష మీటరుతో చెయ్యలేదు. వినపడని దర్జీ ఒకాయన, ఆయన స్నేహితురాలు ఒకావిడ మాకు జడ్జీలు. వాళ్ల వాళ్ల ఇళ్లలో కూర్చుని ఒకరు సైగలు చేస్తే, రెండోవారు తమకి అందింది కాగితం మీద రాయాలి. ఇల్లు మార్చి, వీధి మార్చి చేయించాం. టవరు పక్క ఇంట్లో మాట మాటా అందింది. నాలుగు సందులు దాటేసరికి "రేపు పొద్దున చొక్కా తీసుకెళ్లు" అన్నది "రేపు... చొక్కా" అని అందింది. దర్జీ గారు కోపంతో ఫోనుకేసి చేసిన సైగ ఒకటి మాత్రం పూర్తిగా అందిందట. దాన్ని అచ్చెయ్యలేదు.

తీర్పు ఇలా రాశాను: "సినిమా చూసేవారికి ఈ సేవ చెప్పినంతా ఇచ్చింది. తమను చూపించుకోవలసినవారికి ఇవ్వలేదు, ఇవ్వడం లేదని చెప్పనూ లేదు. పోయినసారి మేమూ అడగలేదు. అది మా తప్పు." మా ఆఫీసులో ఇక నుంచి ఏ ఇంటర్నెట్టు పరీక్షించినా రెండు వైపులా కొలవాలని రూలు పెట్టారు. కంపెనీవాళ్లు పోస్టరు కింద చీమ తలకాయంత అక్షరాల్లో వెళ్లే వేగం కూడా వేశారు. చీమంతైనా వేశారు కదా!

వచ్చే వారమే కమిటీ అని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. నాకు అన్నం దిగట్లేదు. పేజీ వాళ్ల చేతికి చేరే ఉంటుంది. నా అక్షరాలు నీకు మేలు చేస్తాయో కీడు చేస్తాయో తెలియక గోళ్లు కొరుక్కుంటున్నాను. అయినా ఒక్కటి చెప్పనా, నా బతుకులో నేను రాసినవాటిలో గర్వంగా సంతకం చేసింది ఇదొక్కటే. రాయమన్నది నువ్వు.

నీ మరదలు

*

కొండవాలు వీధి, పై ఇల్లు

అమ్మడూ,

ఉద్యోగం నాదే. ముందు గోళ్లు కొరకడం ఆపు, తర్వాత చదువు.

కనుమ తెరిచారు కాబట్టి స్వయంగా వెళ్లాను. పొడుగాటి బల్ల, చుట్టూ కమిటీ. సూపరింటెండెంటు గారి ముందు నీ పేజీ ఉంది. చదివి, "మీ చేతుల గురించి మేం రాసింది పొరపాటు, కొట్టేస్తున్నాం" అన్నారు. నా వీపు దానంతటదే నిటారైంది. ఆ వెంటనే పక్కాయన అందుకున్నాడు. "లైనే సరిగా లేనప్పుడు ఈ ఏర్పాటు మనకెందుకు? ఎత్తేద్దాం. రాసి చూపిస్తే సరిపోతుంది" అని. నువ్వు భయపడింది అదే. ఇద్దరు ముగ్గురు తలూపారు కూడా.

అప్పుడు గోడవార కూర్చున్న బేకరీ ఆవిడ లేచింది. రోగుల తరఫున ఎవరైనా రావచ్చన్నారని వచ్చిందట, నాకే తెలియదు. మాట్లాడాలంటే చేతులు ఖాళీగా ఉండాలి కదా, తిన్నగా బల్ల దగ్గరికెళ్లి పాపని సూపరింటెండెంటు గారి చేతుల్లో పెట్టేసింది. ఆయన పాపని ఎత్తుకుని అలా కొయ్యబారిపోయారు. ఆవిడ మొదలుపెట్టింది. ఆ గదిలో అనువాదం చెయ్యగలిగింది నేనొక్కదాన్నే.

మా పనికొక నియమం ఉంది. ఎదుటివాళ్లు "నేను" అంటే మనమూ "నేను" అనే చెప్పాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తగ్గించకూడదు. తిట్టినా అంతే, పొగిడినా అంతే. నిలబడి, గొంతు సవరించుకుని చెప్పాను:

"రాసి చూపిస్తామంటున్నారు. నాకు చదువు రాదు. ఆ రోజు నా చుట్టూ ఆరుగురు నోళ్లు కదుపుతున్నారు. వానలో తడుస్తూ చెప్పిన ఈమె ఒక్కతే నాకు అర్థమైంది. నా బిడ్డ ఏడ్చిందని నాకు ఈమె చెప్పింది. ఈమె కంటే బాగా చెప్పేవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. లైను బాగాలేకపోతే లైను మార్చండి. ఆ రోజు ఈమె వెనక ట్యాంకు పక్కన పంపు గది తాళం వేసి కనబడింది, అది ఇప్పించండి. ఈమెని మాత్రం తియ్యకండి."

"ఈమె కంటే బాగా" దగ్గర నా గొంతు పూడుకుపోయింది. ఆవిడ చూసి ఆగింది. నేను సర్దుకునేదాకా ఓపిగ్గా నిలబడి, ఆ మాట మళ్లీ మొదటి నుంచి చేసింది. నేనూ మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా, ఆ గదిలో అందరికీ వినపడేలా.

నీ వదిన